అల్లుడు చూసిన కిరాయి గది

నాగమ్మా,

గద్వాల స్టేషనుకు బండి మాట్లాడడానికి పోతున్నాను. వచ్చేసరికి జములు పెట్టె సర్ది ఉంచు. పిల్లను పంపనని నిన్నటిదాకా అరిచింది నేనే, ఇప్పుడు సర్దమంటున్నదీ నేనే. బర్రెకు కుడితి పెట్టు.

అల్లుడు ఏదో కథ అల్లుతున్నాడని అన్నానా లేదా? బొల్లారం పటాలం లైన్లలో సిపాయిలకు ఉత్తగా ఇల్లిస్తామంటే కాదని, బజారులో గది చూశాడు. "లైన్లల్ల నీళ్లకు కొట్లాట మామా, జములు పరేషానైతది" అన్నాడు. సగం బీడీ ఆర్పి చెవి మీద దాచుకునేవాడికి కిరాయి ఇల్లా? ఈ కిరాయిలో కిరికిరి ఉందనుకున్నాను. నీకు చెప్పలేదు గానీ, రెండో సంసారమేమోనని కూడా అనుకున్నాను.

నిన్న పెబ్బేరు సంతలో, పటాలంలో చేసివచ్చిన ఖాజా మియాను అడిగాను. "పటాలం లడాయికి పోతె లైన్లల్ల ఆడోళ్లను ఉంచరు భాయ్, ఖాళీ చేయిస్తరు. బయటి గదిల అయితె ఎవ్వరు లేపరు" అన్నాడు.

పటాలం జర్మనీ లడాయికి పోతున్నట్టు అల్లుడికి తెలిసిపోయింది. మనకే చెప్పడం లేదు. జములు ముందు నోరు జారకు. వాడి మొహం చూసి నేనే అడుగుతాను. ఉన్నన్నాళ్లు ఇద్దరూ ఒక్కచోట ఉండనీ.

అటుక మీది ముర్కులన్నీ కట్టు. నేను కట్టించానని అల్లుడికి తెలియనివ్వకు, నెత్తికెక్కుతాడు.