గురువారం తూకం

సెప్టెంబర్ 7, శనివారం

మనవడు వెస్లీకి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఇది ఆఖరి ఏడు. జనమంతా బంతి విసిరే కుర్రాడి పేరు పెట్టి అరుస్తారు. వాడి మీద ఎవడూ పడకుండా ముందు గోడలా నిలబడేది మావాడు. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు. అది గొప్ప పని. వాడి నాన్న, నా కొడుకు డెనిస్ కూడా ఇదే కాలేజీకి ఇదే చోట నిలబడ్డాడు.

ఈరోజు గెలిచారు. కానీ వెస్ ప్యాంటు వెనక వదులుగా ఉంది. పక్కింటి ఆర్లీన్ తన కారులో నన్ను ఆటకి తీసుకెళ్తుంది. ఆమెతో అన్నాను. ఎమిల్, ముందు నీ కళ్ళద్దాలు మార్పించు, ఆటకొచ్చి పిర్రలు చూసేవాణ్ణి నిన్నే చూశా అంది. నలభై ఏళ్ళు పశువుల సంత యార్డులో గొడ్లను మేపి లావెక్కించినవాణ్ణి. ఒళ్ళు తగ్గితే నాకు తెలుస్తుంది. ఏదో జరుగుతోంది.

సెప్టెంబర్ 9

కోచ్‌కి ఫోన్ చేశాను. పిల్లలకి తిండి తగ్గించారా అని అడిగాను. పెద్దాయనా, ప్రతి గురువారం పొద్దున అందర్నీ కాటా ఎక్కిస్తాం, మీవాడు మూడు వందల పది పౌండ్లు, ఒక్క పౌండు తగ్గినా నేనే కూర్చోబెట్టి తినిపిస్తా అన్నాడు. నవ్వాడు కూడా. నాకు నవ్వేవాళ్ళ మీద నమ్మకం లేదు. కాటా అయినా అబద్ధం చెబుతోంది, కోచ్ అయినా చెబుతున్నాడు.

సెప్టెంబర్ 15, ఆదివారం

వెస్ భోజనానికి వచ్చాడు. పంది మాంసం, పుల్ల క్యాబేజీ, పిండి ముద్దలు చేశాను. కంచం ఖాళీ చేశాడు. మళ్ళీ వడ్డించాను. అదీ ఖాళీ. బాగుంది తాతా అన్నాడు. నా తప్పేమో, ఊరికే అనుమానించానేమో అనుకున్నాను.

సెప్టెంబర్ 16

కుక్క నిన్నటి నుంచి తిండి ముట్టడం లేదు. పొట్ట డోలులా ఉంది.

సెప్టెంబర్ 22

ఈసారి వెస్‌తో తిరిగే పిల్ల కూడా వచ్చింది. పేరు పేజ్. నర్సు చదువు. ఆకులు తింటుంది. బల్ల కిందికి చేరకుండా కుక్కని ముందే బయట కట్టేశాను. వెస్ కడుపు నొప్పి అన్నాడు. ఇదంతా ఈ పిల్ల పని అని నాకు అర్థమైంది. మొహం మీదే అడిగాను, మావాణ్ణి ఎండబెడుతున్నది నువ్వేనా అని. కుచెరాగారూ, మీ మనవడు చెబితే వినే రకమా, ఎవరి పోలికో చూడండి అంది. వెస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇద్దరూ ఏదో దాస్తున్నారు. జబ్బా? మాత్రలా? వాళ్ళు గిన్నెలు కడుగుతుంటే వాడి కోటు జేబులు వెతికాను. ఉప్పు పొట్లాలు. హోటల్లో ఊరికే ఇచ్చేవి, గుప్పెడు. ఉప్పుతో ఏం పని?

అక్టోబర్ 3, గురువారం

ఆర్లీన్‌ని బతిమాలి పొద్దున్నే కాలేజీకి వెళ్ళాను. జట్టు భవనం ముందు కారు ఆపించాను. వెస్ ట్రక్కు అక్కడే ఉంది. లోపల కూర్చుని పొట్లాలు చింపి నోట్లో పోసుకుంటున్నాడు. తర్వాత గాలన్ డబ్బా ఎత్తి నీళ్ళు. ఆపి, ఆయాసపడి, మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత దిగి మెల్లగా లోపలికి నడిచాడు, నిండు చూడి ఆవులా.

ఉప్పు ఎందుకో అప్పుడు తెలిసింది. దొంగ బేరగాళ్ళు గొడ్లకి ఇదే చేస్తారు. ముందు రోజు ఉప్పు తినిపిస్తారు. కాటా ఎక్కించే ముందు తొట్టి దగ్గరికి వదులుతారు. కొనేవాడు మాంసం అనుకుని నీళ్ళు కొంటాడు. అలాంటివాళ్ళని నేను యార్డు గేటు దాటనివ్వలేదు. వాళ్ళతో చెయ్యి కలపలేదు. ఇప్పుడు నా ఇంట్లోనే ఒకడు.

వాడి కోసం తెచ్చిన కొలాచీలు, ఆ తీపి బన్నులు, దారిలో నేనూ ఆర్లీనూ తినేశాం.

అదే రోజు, సాయంత్రం 4

ఎవరో ఫోన్ చేశాడు. డబ్బులిచ్చి ఆడించే పెద్ద జట్టు మనిషినన్నాడు. వసంతంలో ఆటగాళ్ళని ఎంచుకుంటారట, వెస్ పేరు వాళ్ళ దగ్గర ఉందట. కుర్రాడు బాగా తింటాడా, ఒళ్ళు నిలబెట్టుకుంటాడా అని అడిగాడు. మా కుటుంబంలో ఎవరికీ రాని అదృష్టం. ఆలోచించి చెబుతానన్నాను.

అక్టోబర్ 6

వెస్‌ని కొట్టంలోకి పిలిచాను. ఒరేయ్, నువ్వు నీళ్ళు అమ్ముతున్నావు అన్నాను. బుకాయించలేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.

తినడమే నా ఉద్యోగం తాతా, ఆకలి ఎలా ఉంటుందో మర్చిపోయా అన్నాడు. రక్తపోటు ఎక్కువుంది, ఒళ్ళు తగ్గించమని డాక్టర్ చెప్పాడట. పడుకుంటే ఊపిరి ఆగుతోందట, మూతికి గొట్టం పెట్టుకుని పడుకుంటున్నాడట. కోచ్‌కి తెలిస్తే పక్కన కూర్చోబెడతాడు, నా చోట పాలు తాగే పిల్లాణ్ణి పెడతాడు, బంతి విసిరేవాడి మెడ విరుగుతుంది, ఈ ఏడు ఆడేసి మానేస్తా అన్నాడు. పెద్ద జట్టు ఫోన్ గురించి చెప్పాను. తెలుసన్నాడు. నాన్న నలభై మూడేళ్ళకి కుర్చీలోనే పోయాడు తాతా, ఆరుగురు మోయలేక ఇంకో ఇద్దర్ని పిలిచారు, నేను చూశా అన్నాడు.

మీ నాన్న గుండె జబ్బుతో పోయాడు, ఆటతో కాదు అన్నాను. పిరికివాడా అన్నాను. ఇంట్లోంచి పొమ్మన్నాను.

అక్టోబర్ 7

ఏమీ రాయను.

నవంబర్ 23, శనివారం

ఆఖరి ఆట. చివరి ఏడాది పిల్లలు ఇంటివాళ్ళని వెంటబెట్టుకుని మైదానంలోకి నడవాలి. రానన్నాను. పేజ్ ఇంటికొచ్చి తలుపు దగ్గర నిలబడి, మీరు రాకపోతే వాడు ఒంటరిగా నడుస్తాడు, అప్పుడు ఊరంతా మిమ్మల్నే అడుగుతుంది అంది. గడుసు పిల్ల. వెళ్ళాను.

నడిచేటప్పుడు వాడి భుజం మీద చెయ్యి వేశాను. ఆటకి తొడుక్కున్న మెత్తల అంచున ఎముక తగిలింది. డెనిస్ భుజానికి ఎప్పుడూ ఎముక తగల్లేదు. శవపేటికలో పెట్టేటప్పుడు కూడా.

ఆటలో ఒక్కణ్ణి కూడా దాటనివ్వలేదు. ఓడిపోయారు, అది వేరే సంగతి.

ఆట అయ్యాక ఆ ఫోన్ మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వేడి కాఫీ తెచ్చి చేతిలో పెట్టాడు. వాటం చూస్తే గొడ్ల బేరగాడే. ఏమంటారు పెద్దాయనా, కుర్రాడు ఒళ్ళు నిలబెట్టుకుంటాడా అన్నాడు. నా బతుకులో తూకం మీద ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

నిలబెట్టుకోడు, కాటా ఎక్కేముందు నీళ్ళు తాగుతాడు, తీసుకోవద్దు అన్నాను.

వాడు వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగితే వెస్ ఉన్నాడు. అంతా విన్నాడు. నా చేతిలోంచి కాఫీ తీసుకుని సగం తాగి, మిగతాది ఇచ్చాడు.

ఏప్రిల్ 19

పొద్దున ఎవడో తలుపు కొట్టాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మతం చెప్పడానికి వచ్చాడనుకుని గడియ తీయలేదు. తాతా నేనే అన్నాడు. గొంతు ఎవరైనా పెట్టగలరు. కిటికీ దగ్గరికొచ్చి చేతులు చూపించమన్నాను. ఆటలో విరిగి అతికిన వేళ్ళు, పదీ పది వైపులకి. గడియ తీశాను. ఆకలేస్తోంది అన్నాడు.