ఈసారి ఫోను పెట్టెయ్యను

అమ్మాయీ, నాకు వినబడుతోందే తల్లీ!

మిల్లులో మరమగ్గాల మోత మింగేసిన చెవికి నిన్న డాక్టరమ్మ గోరంత మిషను పెట్టింది. "వినబడుతోందా తాతా?" అని అడిగితే, "అరవకమ్మా, నేనేమన్నా చెవిటివాణ్ణా?" అన్నాను. ఆవిడ ఒకటే నవ్వు! ఆ నవ్వూ విన్నాను.

ఇంటికొచ్చి ఫ్యాను కిర్రుమనడం విన్నాను, నా చెప్పుల చప్పుడు విన్నాను. ఆ తర్వాత వినడానికి ఇంకేమీ దొరకలేదమ్మా.

ఇన్నాళ్లూ మీరు ఫోను చేస్తే ఒక్క ముక్కా అందక, "అంతా కులాసా" అనేసి పెట్టేసేవాణ్ణి. విసిగి అందరూ మానేశారు. ఇప్పుడు ఈ ఉత్తరం బదులు నేనే ఫోను చెయ్యొచ్చు గానీ, అది మోగుతుంటే వినాలనుంది. మీ మేనత్తకి చెప్పు, బాబాయికి చెప్పు, అల్లుడికి చెప్పు, అలిగి కూర్చున్న మీ అక్కకి మరీ మరీ చెప్పు.