దుప్పటి కింది చీర

వనపర్తిలో ఉన్న మరిది తిప్పన్నకు,

గద్వాల నుంచి నీ వదిన రాసేది. ఫోన్‌లో అడిగితే పక్కింటివాళ్లు వింటారని రాస్తున్నాను.

మీ అన్న పోయి నెల కాలేదు, అప్పుడే సంస్మరణ సభ పెడుతున్నారు. ఆయన బతికుండగా మా గడప తొక్కని చీరల సేటు నిన్న పూలదండ పట్టుకుని వచ్చాడు.

"అసొంటి నేతగాడు మల్ల పుట్టడమ్మా. మగ్గం మీద సగం నేసిన చీర ఉన్నదంట గద, జర ఇయ్యి, సభల పెడ్తం" అన్నాడు.

"ఏ చీర? నాకు తెల్వదు" అన్నాను.

ఆ చీర అంచు డిజైను మీ అన్న సొంతంగా అల్లుకున్నది. ఒక్క ఫోటో తీసుకుంటే చాలు, పది రోజుల్లో మరమగ్గాల మీద నేసి అమ్ముకుంటారు. ఇక ఆయన పేరు ఎవరు చెబుతారు?

ఆ చీర మీద ఎప్పుడూ దుప్పటి కప్పే ఉంది. మీ అన్న తీసి చూపించింది నీ ఒక్కడికే. సేటు ఇచ్చిన సభ కార్డులో మాట్లాడేవాళ్ల పేర్లలో నీ పేరే ముందుంది.

సభ వచ్చే ఆదివారం. చీర సంగతి సేటుకు నువ్వు చెప్పలేదంటే, ముందే వచ్చి మగ్గంలో కూర్చుని ఆ చీర పూర్తి చెయ్యి. చెప్పి ఉంటే మాత్రం, సభలో మీ అన్న గురించి నోరెత్తకు.

నీ వదిన