కడుపు చికిత్సలకు మార్కులు

12 ఆగస్టు 1974

పరీక్షలన్నీ చూసి, పేగుల్లో పుండు లేదని డాక్టరుగారు తేల్చారు. ఇరిటబుల్ కోలన్ అట, అంటే పేగు ఊరికే చిరాకుపడటం. మందుతో పనిలేదట, తిండి, అలవాట్లు మార్చుకోవాలట. గోధుమపొట్టు తినమని చీటీ రాశారు. ‘పొట్టు’కు ఒత్తు మరిచారు. దిద్ది జేబులో పెట్టుకున్నాను.

నవంబరు రెండున సమాధుల పండుగ. ఆనాటికి ఉయ్యూరు దాకా బస్సులో కూర్చోగలగాలి. జనవరిలో నా భార్య సంపూర్ణమ్మను అక్కడే పూడ్చారు. మొదటి పిడికెడు మన్ను భర్త వేయాలి. ఫాదర్‌గారు ప్రార్థన ముగించే వేళకు నేను మరుగుదొడ్డిలో ఉన్నాను. బావమరిది బాలశౌరి వేశాడు.

20 ఆగస్టు

పొట్టు మజ్జిగలో కలుపుకొని తాగుతుంటే చెల్లెలు సువార్తమ్మ, గేదెకి పెట్టేది నీకు పెట్టాడేంటన్నయ్యా, రేపు పాలు కూడా ఇమ్మంటాడేమో చూస్కో అంది. నాకు నవ్వు రాలేదు. కడుపు ఉబ్బింది. నూటికి ముప్పై మార్కులు.

8 సెప్టెంబరు

కాఫీ, పాలు, మిరపకాయ మానేశాను. నొప్పి తగ్గింది. నలభై ఐదు. బస్టాండు కనబడగానే మళ్ళీ మెలిపెట్టింది.

29 సెప్టెంబరు

ప్రకృతి వైద్యుడు బసవపున్నయ్యగారు పొట్టమీద నాచేతే తడిమట్టి పట్టీ వేయించారు. ఎలా ఉందండీ అని అడిగారు. ఏమీ లేదన్నాను. గోళ్ళలో మన్ను మిగిలింది.

మార్కులు వేయలేదు.

13 అక్టోబరు

శ్వాససాధన. పొట్టనిండా గాలి పీల్చి మెల్లగా వదలాలి. ఇంట్లో అరవై. బస్సులో సున్న.

పటమటలోనే దిగిపోయాను. ఉయ్యూరికి టిక్కెట్టు కొని ఇక్కడ దిగుతారేంటండీ పెద్దాయనా అని కండక్టరు అడిగాడు. పక్కనే ఆటోనగర్‌లో నా పూర్వవిద్యార్థి కాశింకు జీపుల రిపేరు షెడ్డు ఉంది. వెళ్ళి దొడ్డి ఎక్కడని అడిగాను. మాస్టారికి ఇంతకన్న అవమానం ఏముంది.

అంతా విని కాశిం, రెండో తారీకున జీపు నేను తెస్తా మాస్టారూ, మీరు చెయ్యెత్తితే చాలు, ఎక్కడైనా ఆపుతా, ఎందుకని అడగను అన్నాడు. క్లాసులో మేం వేలు చూపిస్తే మీరు కూర్చోరా అనేవాళ్ళు, నేనలా అనన్లెండి అని కూడా అన్నాడు.

అవసరం రాదని చెప్పి వచ్చాను.

1 నవంబరు

కాశింకు కబురు పంపాను.

2 నవంబరు

ఒక్కసారీ చెయ్యెత్తలేదు. తొంభై.

సమాధికి బాలశౌరి సిమెంటు చేయించాడు. దానిమీదే పిడికెడు మన్ను వేశాను. సువార్తమ్మ ఆ మన్ను కొంగుతో తుడిచి అక్కడ కొవ్వొత్తి పెట్టింది.