అమ్మమ్మ పాటలకు వారంటీ

మంగళవారం, రాత్రి

నా భార్య రత్నం మీద ఇవాళ నాకు గౌరవం ఇంకాస్త పెరిగింది. ఈ మాట తనతో అంటే నవ్వుతుంది, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

సముద్రం ఒడ్డున యారాడలో చేపలు ఎండబెడుతూ వాళ్ల అమ్మమ్మ పాడిన పాటలన్నీ రత్నం ఫోన్లో ఉన్నాయి. అమ్మమ్మ బాగానే ఉంది కానీ, ఆ పాటలు ఇప్పుడు ఆమెకే గుర్తు లేవు. ఫోనేమో మాటిమాటికీ ఆగిపోతోంది. అందుకే హార్డ్ డిస్కు కోసం వన్‌టౌన్‌లో కరీం భాయ్ కొట్టుకి వెళ్లాం. వారం రోజులు రివ్యూలు చదివి నేనొక పెద్దది ఎంచిపెట్టుకున్నాను.

రత్నం దాన్ని చేతిలో తిప్పి చూసింది.

"ఇది పాడైపోతే ఏటిస్తారు భాయ్?"

"కొత్తది ఇస్తామమ్మా. మూడేళ్ల వారంటీ."

"మరి లోపలున్న పాటలో?"

"వాటికి వారంటీ లేదమ్మా" అన్నాడు భాయ్.

"అయితే చిన్నవి రెండియ్యండి. ఒకే కంపెనీవొద్దు. ఒకటి మా ఇంట్లో ఉంతాది, ఇంకోటి యారాడలో మా అమ్మ దగ్గరుంతాది."

నేను చదివిన రివ్యూల్లో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు.

సాయంత్రం రెండింటిలోకీ ఎక్కించి, పాటలు తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూశాం. అయినా నాకు దిగులు పోలేదు. పాటలు భద్రమే, పాడేవాళ్లే లేరు కదా అని.

ఇది రాస్తుంటే పక్క గదిలో ఫోన్లోంచి అమ్మమ్మ గొంతు. ఒకే ముక్క, మళ్లీ మళ్లీ. పడుకోవా అని కేకేశాను.

"ఈ ముక్క నోటికి రానియ్యి, పడుకుంతాను" అంది రత్నం.

ఆ తర్వాత వినిపించిన గొంతు ఇద్దరిలో ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు.