నూట అరవై ఐదో ఛానల్

మంగళవారం రాత్రి

వన్ టౌన్ గోడౌన్ల మీద, డాబా నుంచి డాబాకి ఇంటర్నెట్ అందించే మెష్ రేడియోలు బిగించే పని ఈ రోజుతో అయిపోయింది. రెండు రేడియోలూ ఒకే ఛానల్‌లో ఉంటేనే ఒకదానికొకటి వినిపిస్తాయి. అందుకని నేను ఇటు డాబా మీద, నాతో పనిచేసే డేనియల్ గారు రెండు వీధుల అవతల డాబా మీద నిలబడి, ఫోన్‌లో చెప్పుకుంటూ ఒకేసారి ఛానల్ మార్చాం. ముప్పై ఆరో ఛానల్ నిండా షాపుల వైఫైలే. నూట నలభై తొమ్మిదిలోనూ లింక్ పడిపోతూనే ఉంది.

"మీ వన్ టౌన్‌లో గాలిక్కూడా ట్రాఫిక్ జామేనండీ" అన్నారాయన. నాకు నవ్వు ఆగలేదు.

క్యారేజీ తెచ్చిన అమ్మ అక్కడే నిలబడి వింది. "అంకెలు చెప్పుకుంటూ కూడా ఇంత నవ్వుతారా? నన్నూ బడికి పంపుంటే బాగుండేది" అంది.

నూట అరవై ఒకటిలో లింక్ గట్టిగా నిలబడింది. రేపటి నుంచి ఆయనకి పామర్రు డ్యూటీ, నాకు ఆఫీసు. ఇక ఫోన్ చేసుకోవడానికి పనేమీ లేదు. అంత మంచి సిగ్నల్ చూసి నాకు దిగులేసింది.

ఆయనే, "నూట అరవై ఐదు కూడా ఒకసారి చూద్దామాండీ?" అన్నారు.

"ఇది బాగానే ఉంది కదండీ" అనేశాను, పరీక్షలో జవాబు చెప్పినట్టు.

"అవునండీ, బాగానే ఉంది" అని పెట్టేశారు.

ఆయన ఎందుకడిగారో మెట్లు దిగుతుంటే గానీ నాకు తట్టలేదు. పామర్రులో చుట్టూ పొలాలే, గాలంతా ఖాళీ. అక్కడ మొదటి ఛానల్‌కే లింక్ నిలబడిపోతుంది, ఇంకోటి చూద్దామనే వంక కూడా ఉండదు.