‘ఆగు’ అను మాట తెలుగేనని ధ్రువీకరించుట గురించి

గుఢియారీ, రాయపూర్
11 డిసెంబరు 1971

పౌర రక్షణ స్వచ్ఛంద దళం, పడమటి విభాగం అధికారి శ్రీ ఎస్. రావ్ గారి సముఖమునకు, రైల్వే గూడ్స్ షెడ్డులో మూటలపై గుర్తులు వేయు మార్కరు, మొన్నటి దాకా మూడవ గల్లీ వార్డెను అయిన బంగారయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: యుద్ధ సమయమందు లేని మంటను ఉన్నదని అరిచితినను నేరముపై నా చేతిపట్టీ స్వాధీనము చేసుకొనుట, సదరు పట్టీని యుద్ధము ముగియులోగా తిరిగి ఇప్పించుట గురించి.

ఈ అర్జీ హిందీలో గాక తెలుగులో ఎందుకు వ్రాయబడినదో ఆరవ అంశములో మనవి చేసుకొందును. అంతవరకు ఓపిక పట్టవలెను.

1. నేను గత నెలలో స్వచ్ఛందముగా దళములో చేరితిని. నాకు పసుపు పట్టీ ఒకటి, ఇద్దరికి కలిపి ఇనుప టోపీ ఒకటి ఇచ్చిరి. విజిళ్లు ఇంకా రాలేదు, వచ్చేదాకా నోటితోనే పని నడుపుకోమని సెలవిచ్చిరి. ఆ నోరు శ్రీకాకుళం జిల్లాలో పుట్టినదని దరఖాస్తులో స్పష్టముగా వ్రాసి యున్నాను.

2. ఈ నెల 6వ తేదీ సోమవారం సాయంత్రం ఏడు గంటలకు సైరను మోగింది. గల్లీలో దీపాలన్నీ ఆర్పించాను. అప్పుడు ఒక జీపు రెండు దీపాలూ ధగధగలాడించుకుంటూ వచ్చింది. దీపాల పై సగానికి పూయవలసిన నల్లరంగు దానికి పూయలేదు. నేను రోడ్డుకు అడ్డంగా నిలబడి, చేతులు చాచి “ఆగు! ఆగు!” అన్నాను. ‘రుకో’ అనాలని నాకు తెలియక కాదు. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. కానీ జీపు మీదికి వచ్చేస్తుంటే మనిషి నోట అమ్మ నేర్పిన మాటే వస్తుంది.

3. గల్లీ వారు దానిని ‘ఆగ్’ అని వినిరి. హిందీలో ఆగ్ అంటే నిప్పు. ఆ మాట చెవిన పడితే ప్రశ్నలు వేయకుండా బాల్దీ పట్టుకుని పరుగెత్తాలని వాళ్లకు ఎనిమిది రోజులు తర్ఫీదు ఇచ్చింది నేనే. వెలుగు జీపులోనే కనబడింది గనుక నిప్పు కూడా అక్కడే అనుకున్నారు. పదకొండు బాల్దీల నీళ్లు, నాలుగు బాల్దీల ఇసుక. నిమిషం పట్టలేదు. నేరమో కాదో గానీ, ఆ క్షణంలో వాళ్లను చూసి నాకు గర్వం కలిగిన మాట నిజం.

4. జీపు అసలు ఎందుకు ఆగలేదని డ్రైవరును విచారించితిని. అతడు ఛత్తీస్‌గఢీ మనిషి. “ఆగూ కహిస్, త ఆగూ గేంవ్” అన్నాడు. వారి భాషలో ఆగూ అంటే ముందుకు. నేను ముందుకు పొమ్మన్నాననుకుని ముందుకు పోయాడు. అతని తప్పు కూడా ఏమీ లేదు.

5. 8వ తేదీన ఉత్తరువు వచ్చినది. ‘అఫవా పుట్టించెను’ అని కారణము చూపిరి. అఫవా అనగా పుకారు. నాటి నుండి నన్ను అందరూ ‘ఆగ్ వాలే బాబూ’ అంటున్నారు. చింతపండు కొనడానికి వెళితే కిరాణా సేఠ్ నన్ను చూసి నీళ్ల కుండ దగ్గరికి జరుపుకుంటున్నాడు. ఇవన్నీ ఓర్చుకోగలను. కానీ, అయ్యా, చైనా యుద్ధం అయ్యాక సైన్యంలో చేరబోతే ఛాతీ అర అంగుళం తక్కువని నన్ను వెనక్కి పంపేశారు. ఆ తర్వాత ఈ దేశం నన్ను పనికొస్తావని ఒప్పుకుని నా ఒంటి మీద కట్టింది ఆ పట్టీ ఒక్కటే. నా భార్య వరహాలమ్మ దానికి గంజి పెట్టి మరీ ఆరేసేది. ఇప్పుడేమో “సర్కారోలు గుడ్డముక్క నాగేసుకున్నారని కూడు మానేస్తావేటి?” అని నన్ను కోప్పడి, తనూ తినడం లేదు.

యుద్ధం తొందరగా ముగియాలనే నేనూ రోజూ దండం పెట్టుకుంటున్నాను. నా పట్టీ వచ్చిన మర్నాడు ముగిస్తే బాగుంటుందని కూడా కలుపుకుంటున్నాను. ఇది దేశద్రోహం కాదనుకుంటాను.

6. సంతకంలో రావ్ అని ఉంటే మేమందరం తమరు మరాఠీ వారనుకున్నాం. అయితే మొదటి బాల్దీ పడగానే జీపు వెనక సీటులోంచి “ఓర్నాయనో, సచ్చాన్రా బాబో!” అని ఒక కేక వినబడింది. గల్లీలో ఎవరికీ అది అర్థం కాలేదు. నాకు అయింది. ఆ కేక మా జిల్లాది.

కావున ఆ జీపులో ‘ఆగు’ అంటే ఏమిటో తెలిసిన వారు తమరొక్కరే. ‘అది తెలుగు మాట, ఆపడానికే అన్నాడు’ అని ఫైలులో ఒక్క వాక్యము వ్రాసిన చాలును, నేను బయటపడుదును. జీపు దీపాలకు నల్లరంగు లేని సంగతి ఎత్తుట నా ఉద్దేశము కాదు. రెండవ అంశములో అది చేయి జారి పడినది.

చిత్తగించి, నోరు విప్పవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, ప్రస్తుతము పట్టీ లేనివాడు,
బంగారయ్య

తా.క.: అర్జీ ముగించేలోగా మేము కాపురముండే తెలుగువాళ్ల లైనులో పక్కింటి రమణమ్మ గారి బొగ్గుల సిగిడీ నుంచి గోనె పరదాకు నిజంగానే నిప్పంటుకుంది. బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి కదా, ఈసారి స్వచ్ఛమైన హిందీలో “ఆగ్! ఆగ్!” అని అరిచాను. కుళాయి దగ్గర్నుంచి నీళ్లు తెస్తున్న నలుగురు ఆడవాళ్లూ బిందెలతో ఉన్నచోటే ఆగిపోయారు. “ఆగినాం కదేటి, ఇంకేటి సెయ్యాల?” అంది రమణమ్మ. పరదా పూర్తిగా కాలిపోయింది. కాబట్టి పట్టీతో పాటు ఒక విజిలు కూడా ఇప్పించవలెను.

మళ్లీ తా.క.: ఆ రోజు తడిసినందుకు తమకు జలుబు చేసిందేమోనని వరహాలమ్మ బెంగ పెట్టుకుంది. రేపు ఆదివారం మిరియాల చారు కాచి ఇస్తుందట, నేనే తీసుకువస్తాను. తమ ఇల్లు తెలియదు గానీ జీపు నెంబరు రాసి ఉంచుకున్నాను. గిన్నె ఖాళీగా తిరిగి తేవద్దని, అందులో పట్టీ పెట్టించుకు రమ్మని మా ఆవిడ మరీ మరీ చెప్పింది.